ఆఫీసు పలకనప్పుడు ఆడిటరు ఏం చెయ్యాలి?

ప్రశ్న: సార్, కావలిలో ఏడేళ్లుగా ట్యాక్స్ కన్సల్టెంటుగా పని చేస్తున్నాను. సీఏ చదవలేదు, బీకాం చేశాను. మా వైపు రిటర్నులు వేసేవాళ్లందర్నీ ఆడిటరు గారూ అనే పిలుస్తారు కాబట్టి నన్నూ అలాగే పిలుస్తారు. మా క్లయింటు ఒకాయన హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి 2024 మార్చిలో రిటైరయ్యారు. చివరి ఏడాది జీతంలో 62,400 రూపాయల పన్ను కోశారు. కట్టాల్సింది 51,200. మిగతా 11,200 రిఫండ్ అడుగుతూ 2024 జులైలోనే రిటర్న్ వేశాను. డిసెంబరులో పన్ను శాఖ నుంచి ఇంటిమేషన్ వచ్చింది. టీడీఎస్ (జీతంలోనే కోసిన పన్ను) 26,400 మాత్రమే కనిపిస్తోందట, ఇంకా 24,800, దాని మీద వడ్డీ కట్టాలట. జీతం, కోసిన పన్ను చూపే ఫారం 16, వాళ్ల ఆఫీసులో టైపు చేసి సంతకం పెట్టిచ్చింది, నా దగ్గరే ఉంది. మూడుసార్లు ఆన్‌లైన్లో రెక్టిఫికేషన్, అంటే లెక్క సరిచెయ్యమని దరఖాస్తు, పెట్టాను, మూడుసార్లూ అదే లెక్క తిరిగొచ్చింది. గ్రీవెన్స్ పెడితే ‘మీ అసెసింగ్ ఆఫీసర్ని కలవండి’ అని మూసేశారు. రెండుసార్లు బస్సెక్కి ఆఫీసుకు పోతే ‘ఇది కంప్యూటరు చేసిన పని, మా చేతిలో లేదు’ అన్నారు. ఫోను చేస్తే నలభై నిమిషాలు పాట వినిపించి లైను కట్టయింది. ఈ ఏడాది ఆయనకు బ్యాంకు డిపాజిట్ల మీద రావాల్సిన రిఫండ్ 9,300 కూడా ఆ పాత బాకీ కింద జమేసుకున్నారు. మాస్టారు రోజూ సాయంత్రం వాకింగ్ అయ్యాక మా షాపు ముందు బెంచీ మీద కూర్చుని పోతారు. ఏమీ అడగరు. వాళ్ల అల్లుడు మాత్రం ఫోన్లో ‘అసలు రిటర్న్ వేశారా?’ అన్నాడు. నాకు నిద్ర పట్టడం లేదు. నేనేం తప్పు చేశాను?
— ఒక పాఠకుడు, కావలి

జవాబు: తమ్ముడూ, రిటర్న్ వెయ్యడంలో మీరు తప్పేమీ చెయ్యలేదు. కానీ మీ ఉత్తరంలో ‘టైపు చేసి సంతకం పెట్టిచ్చిన ఫారం 16’ అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మీ ముడి అక్కడుంది. ఏడాదికి పైగా మీరు తడుతున్న తలుపు ఒకటి, తెరుచుకోవాల్సిన తలుపు ఇంకొకటి.

ఫారం 16లో పార్ట్ ఏ అనేది ఎవరూ టైపు చేసి ఇచ్చేది కాదు. అది పన్ను శాఖ వారి ట్రేసెస్ సైటు నుంచి సర్టిఫికెట్ నంబరుతో దిగాలి. పన్ను కోసిన ఆఫీసు టీడీఎస్ స్టేట్‌మెంటు వేస్తేనే దిగుతుంది. టైపు చేసి ఇచ్చారంటే దించడానికి అక్కడ ఏమీ లేకపోయి ఉండాలి.

సర్కారు జీతాల్లో పన్ను ఎలా జమవుతుందో చాలామంది కన్సల్టెంట్లకే తెలియదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. బిల్లులో కోసిన పన్నును డీడీవో, అంటే జీతాల బిల్లు పెట్టే అధికారి (హైస్కూల్లో హెడ్మాస్టరు), బ్యాంకుకు పోయి చలానా కట్టడు. ట్రెజరీలో పుస్తకాల సర్దుబాటుగా పోతుంది. ట్రెజరీ ప్రతి నెలా ఫారం 24జీ వేస్తే ఆ మొత్తానికి బిన్ అనే గుర్తింపు నంబరు వస్తుంది. ఆ నంబరు తీసుకుని డీడీవో మూణ్ణెల్లకోసారి 24క్యూ అనే టీడీఎస్ స్టేట్‌మెంటు వెయ్యాలి, ఏ పాన్ మీద ఎంత కోశామో పేరుపేరునా చూపాలి. జనవరి నుంచి మార్చి దాకా కోసిన దానికి గడువు మే 31. అప్పుడే మాస్టారి 26ఏఎస్‌లో, అంటే ఆయన పాన్ మీద జమైన పన్నుల పట్టీలో, ఆ అంకె కనిపిస్తుంది. 24క్యూ వెయ్యకపోయినా, వేసి ఆయన పాన్‌లో ఒక్క అక్షరం తప్పినా, డబ్బు ప్రభుత్వానికి చేరి కూడా ఆయన పేరు మీద ఉండదు.

మీ లెక్కే చూడండి. 62,400లో 26,400 పోతే 36,000. మన టీచర్లకు పన్నులో పెద్ద ముక్క జనవరి, ఫిబ్రవరి బిల్లుల్లోనే కోస్తారు. ఆ రెండు నెలల పే స్లిప్పులు తెప్పించి కూడండి, 36,000 దగ్గరికే వస్తుందని నా నమ్మకం. అందుకే మీ మూడు రెక్టిఫికేషన్లూ అలాగే తిరిగొచ్చాయి. కంప్యూటరు ప్రతిసారీ అదే 26ఏఎస్ చూసి అదే జవాబిస్తుంది. అది మారనంత కాలం ముప్ఫైసార్లు పెట్టినా ఇంతే.

నేనూ ఇదే తప్పు చేశాను. 2011లో పొదలకూరు దగ్గర పల్లె నుంచి ఒకామె వచ్చేది. భర్త లారీ డ్రైవరు, ప్రమాదంలో పోయాడు. పరిహారం మీద వచ్చిన వడ్డీలో బీమా కంపెనీ పన్ను కోసింది. అప్పటికి ఆమెకు పాన్ లేదు కాబట్టి 20 శాతం కోశారు. 23,600 రూపాయలు. నేను పాన్ తీయించి రిటర్న్ వేశాను, 26ఏఎస్‌లో ఏమీ లేదు. పద్నాలుగు నెలలు పన్ను ఆఫీసు చుట్టూ తిరిగాను. వచ్చే వారం రమ్మంటే నమ్మాను. ఆమె ప్రతి సోమవారం మొదటి బస్సుకు వచ్చి ట్రంకు రోడ్డులో మా మెట్ల మీద కూర్చునేది. ‘వచ్చిందా నాయనా?’ అనేది, అంతే. చివరికి ఒక పెద్దాయన, నాకంటే ఇరవై ఏళ్ల ముందు ఈ వృత్తిలోకి వచ్చినవాడు, కాగితాలు చూసి ‘కోసినవాళ్ల స్టేట్‌మెంటులో ఈమె పాన్ ఉందా అని అడిగావా?’ అన్నాడు. అడగలేదు. బీమా కంపెనీకి రిజిస్టర్ పోస్టులో ఉత్తరం రాశాను. రెండు నెలల్లో సవరణ వేశారు, ఆ తర్వాత డబ్బు వచ్చింది. ఆ లోపల కూతురి కాలేజీ ఫీజు కోసం ఆమె పాలిచ్చే ఎనుమును అమ్మేసింది. ఆ మాట ఆమె మామూలుగానే చెప్పింది. నేను మాత్రం ఇప్పటికీ మామూలుగా తలుచుకోలేను.

కాబట్టి ముందు మాస్టారి పాత స్కూలుకు వెళ్లండి, ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్లండి. జనవరి నుంచి మార్చి దాకా మూడు నెలల బిన్ నంబరు, 24క్యూ వేసిన రసీదు నంబరు అడగండి. కొత్త హెడ్మాస్టరుంటే ‘అది నా కాలంలో కాదు’ అనొచ్చు. పన్ను కోసేవాళ్లకు ఇచ్చే ట్యాన్ నంబరు మనిషిది కాదు, ఆఫీసుది. వెయ్యాల్సిన బాధ్యత ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్నవారిదే. గుమాస్తా దాటవేస్తుంటే దాని వెనక భయం ఉంటుంది. ఆలస్యమైన స్టేట్‌మెంటుకు 234ఈ సెక్షన్ కింద రోజుకు 200 రూపాయల ఫీజు పడుతుంది, కోసిన పన్ను మొత్తం దాకా పెరుగుతుంది. ఆ భయం ఉన్నవాళ్ల మీద అరిచి లాభం లేదు. స్టేట్‌మెంటు వేశారు గానీ పాన్ తప్పిందంటే సవరణ చాలు, ఆ సంగతి నెమ్మదిగా చెప్పండి. అయితే నానబెట్టవద్దు. 2025 ఏప్రిల్ నుంచి టీడీఎస్ సవరణలకు చట్టం కాలపరిమితి పెట్టింది. మాటతో పని కాకపోతే మాస్టారి సంతకంతో రాతపూర్వకంగా ఇవ్వండి, నకలు ట్రెజరీకి పంపండి.

ఇక పన్ను ఆఫీసు సంగతి. ముడి వేరేచోట ఉందని చెప్పానే గానీ, వాళ్లకు బాధ్యత లేదని కాదు. 1961 చట్టం 205వ సెక్షన్ స్పష్టంగా ఉంది. జీతంలో ఒకసారి పన్ను కోశాక, ఆ మేరకు మళ్లీ ఉద్యోగిని కట్టమనకూడదు. (2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం, కొత్త నంబర్లు. మీ కేసు పాత సంవత్సరానిది కాబట్టి పాత సెక్షన్లే రాయండి.) ఇలాంటి బాధలతోనే ఢిల్లీలో ఒక చార్టర్డ్ అకౌంటెంటు హైకోర్టుకు ఉత్తరం రాస్తే, కోర్టు దాన్నే ప్రజాప్రయోజన వ్యాజ్యంగా తీసుకుని 2013 మార్చి 14న తీర్పిచ్చింది. రెక్టిఫికేషన్ దరఖాస్తులకు రిజిస్టరు పెట్టాలని, ఆరు నెలల్లో తేల్చాలని ఆదేశించింది. అదే ఏడాది జులైలో పన్ను శాఖ పై బోర్డు సీబీడీటీ 5వ నంబరు ఇన్‌స్ట్రక్షన్ ఇచ్చింది. టీడీఎస్ సరిపోలకపోతే, పన్ను కోసినట్టు ఆధారాలు చూపిస్తే, అసెసింగ్ ఆఫీసరు విచారించి క్రెడిట్ ఇవ్వాలి. మనలాంటి పని చేసే ఒక మనిషి రాసిన ఉత్తరమే ఇంత పని చేసిందని నేను కుర్రాళ్లందరికీ చెబుతుంటాను.

మీరు చెయ్యాల్సింది 154వ సెక్షన్ కింద రెక్టిఫికేషన్ కోసం అసెసింగ్ ఆఫీసరుకు కాగితం మీద దరఖాస్తు. పన్నెండు నెలల పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు పాసుపుస్తకం పేజీలు జతచెయ్యండి. 205 సెక్షన్, ఆ ఇన్‌స్ట్రక్షన్ నంబరు రాయండి. రెండో కాపీ మీద తేదీతో ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి. అది లేకుండా మెట్లు దిగవద్దు. మీరు రెండుసార్లు వెళ్లానన్నారు గానీ, వెళ్లినట్టు ఏ కాగితమూ మీ దగ్గర లేదు. ముద్ర పడిన నెలాఖరు నుంచి ఆరు నెలల్లో ఉత్తర్వు ఇవ్వాలని 154లోనే ఉంది. ఫోనుకు అలాంటి గడువు లేదు, అందుకే ఫోను మీద ఆధారపడొద్దంటున్నాను.

పోర్టల్లో అవుట్‌స్టాండింగ్ డిమాండ్ దగ్గర ‘అంగీకరించను’ అని కారణంతో నమోదు చెయ్యండి. 245 కింద రిఫండ్ జమేసుకునే ముందు నోటీసు వస్తుంది, జవాబుకు 21 రోజులు. 9,300 పోయిందంటే ఆ నోటీసు మాస్టారి ఈమెయిల్లో ఎవరూ తెరవకుండా పడి ఉండొచ్చు. క్లయింటు ఈమెయిలు, ఫోను మీ రికార్డులో సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడం మన పనే, ఇందులో మాత్రం మీ వాటా ఉంది.

ఆరు నెలలు దాటినా కదలకపోతే పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో సమాచార హక్కు దరఖాస్తు వెయ్యండి. ‘ఎందుకు చెయ్యలేదు’ అని అడగొద్దు, దానికి జవాబు రాదు. ‘ఫలానా తేదీ దరఖాస్తు రిజిస్టరులో ఏ నంబరు మీద ఎక్కింది, ఇప్పుడు ఏ అధికారి దగ్గరుంది’ అని అడగండి. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో ఫిర్యాదుకు 2024 ఆగస్టు నుంచి గడువు 21 రోజులు. ఊరికే మూసేస్తే ముప్ఫై రోజుల్లో అప్పీలు ఉంది. ఆ అప్పీలు చాలామంది వెయ్యరు, మీరు వెయ్యండి. ఒకప్పుడు ఫిర్యాదులు వినడానికి ఆదాయపు పన్ను అంబుడ్స్‌మన్ ఉండేవారు. 2019లో ఆ వ్యవస్థను రద్దు చేశారు. ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టుకోవచ్చు గదా అన్నారు. ముఖం చూసి వినే మనిషి పోయాడని నాకు అప్పుడూ బాధే, ఇప్పుడూ బాధే.

ఎందుకింత పట్టుగా చెబుతున్నానంటే, ఆలస్యం ఇద్దరికీ సమానంగా ఖర్చు కాదు. మాస్టారికి రావాల్సిన 11,200 మీద 244ఏ సెక్షన్ కింద వడ్డీ నెలకు అర శాతం, అంటే 56 రూపాయలు. ఆయన బాకీ అంటున్న 24,800 మీద 220 సెక్షన్ కింద అడిగేది నెలకు ఒక శాతం, ఆ 9,300 జమేసుకోక ముందు లెక్కలో 248 రూపాయలు. నలభై నిమిషాల పాట వినిపిస్తున్నంతసేపూ ఆ తేడా ఒక పెన్షనరు మీద పడుతూనే ఉంటుంది. పలకకపోవడం చిన్న అసౌకర్యం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఈ సాయంత్రం మాస్టారు వచ్చినప్పుడు బెంచీ మీద వదిలెయ్యకండి. లోపలికి పిలిచి, రిటర్న్ అక్నాలెడ్జ్‌మెంటు, ఇంటిమేషన్, మూడు రెక్టిఫికేషన్ల తేదీలు ఒక తెల్లకాగితం మీద తెలుగులో రాసివ్వండి. కింద ‘స్కూల్లో 24క్యూ సంగతి తేలాలి’ అని రాయండి. అల్లుడికి ఆ కాగితం ఆయనే చూపించుకుంటారు.

ప్రశ్న: మా అమ్మ రిఫండ్ పంపామని పోర్టల్లో ఉంది, ఖాతాలో పడలేదు. గ్రామీణ బ్యాంకు ఖాతా. ఎవర్ని అడగాలి?
— ఒక పాఠకురాలు, టంగుటూరు

జవాబు: ఎవర్నీ అడగక్కర్లేదమ్మా. మన రెండు జిల్లాల్లో ఉన్న ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1న మరో మూడింటితో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. పోర్టల్లో పాత బ్యాంకు పేరు, పాత ఐఎఫ్ఎస్‌సీ ఉందేమో చూడండి. బ్రాంచికి పోయి కొత్త కోడు రాయించుకుని, ఖాతాను మళ్లీ వ్యాలిడేట్ చేసి, ‘రిఫండ్ రీఇష్యూ’ అభ్యర్థన పెట్టండి. పాసుపుస్తకంలో అమ్మ పేరు, పాన్ కార్డులో పేరు ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ఒకదాంట్లో ముందు, ఒకదాంట్లో వెనక ఉంటే ముందు అది సరిచేయించండి.