చస్తే ఏం పోతుందో అడిగి మొదలుపెట్టు

బుజ్జీ,

ఆదివారం భోజనాల దగ్గర, వేలమంది ఒకే లోకంలో కలిసి ఆడే ఆన్‌లైన్ గేమ్‌ల లిస్టు చూపించి "పిన్నీ, వీటిల్లో ఏది మంచిది?" అని అడిగావు. ఇంతలో మీ బాబాయి క్రికెట్ పెట్టేసరికి మాట తెగిపోయింది. ఫోన్లో చెబితే సగం విని "సరే సరే" అంటావు కాబట్టి రాస్తున్నాను. మొదటి ఉద్యోగం, షోలింగనల్లూరు పీజీ, కొత్త లాప్‌టాప్. ఈ మూడూ కలిసిన కుర్రాడు ఏదో ఒక ఆన్‌లైన్ గేమ్‌లో పడక మానడు. పడేదేదో చూసుకుని పడు.

నువ్వు వీడియోలు చూసి, గ్రాఫిక్స్ బాగున్నవి లిస్టు రాసుకొచ్చావు. చెన్నైలో ఇల్లు అద్దెకి చూడ్డానికి వెళ్తే గోడల రంగు అడుగుతామా? నీళ్లెలా వస్తాయని అడుగుతాం. ఈ గేమ్‌లకీ అలాంటి ప్రశ్న ఒకటుంది. నా క్యారెక్టర్ చస్తే ఏం పోతుంది? దీనికి జవాబు తెలిస్తే ఆ గేమ్‌లో మనుషులు ఎలా ఉంటారో కూడా చాలావరకు తెలిసిపోతుంది.

1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్‌లో చస్తే అప్పటిదాకా సంపాదించిన ఎక్స్‌పీరియన్స్, అంటే లెవెల్ పెంచే పాయింట్లు, తగ్గేది, లెవెల్ కూడా దిగిపోవచ్చు. ఒంటి మీది సామానంతా శవం దగ్గరే ఉండిపోయేది. ఉత్త చేతులతో వెళ్లి ఆ శవాన్ని వెతుక్కోవాలి. ఒక్కడి వల్ల అయ్యే పని కాదు, ఎవరినో ఒకరిని బతిమాలాల్సిందే. అందుకే ఆ కాలం వాళ్లు స్నేహాల గురించి అంత మురిపెంగా చెప్పుకుంటారని నా అనుమానం. 2004లో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ దాన్ని మెత్తబరిచింది. దెయ్యమై శ్మశానం నుంచి శవం దాకా పరుగెత్తితే లేచి నిలబడతావు. కవచం కాస్త అరుగుతుంది, రిపేరుకి నాలుగు డబ్బులు పోతాయి, అంతే. జనం విరగబడ్డారు. 2010 నాటికి నెలనెలా చందా కట్టేవాళ్లు కోటీ 20 లక్షల మంది.

ఇక రెండో కొసన ఈవ్ ఆన్‌లైన్ ఉంది. అంతరిక్షంలో ఓడలు నడిపే ఆట, ఐస్‌లాండ్ వాళ్లది, 2003 నుంచి నడుస్తోంది. అందులో ఓడ పేలితే పేలినట్టే, తిరిగి రాదు. నా కథ చెప్తా, మీ బాబాయికి ఇప్పటికీ తెలీదు. మూడు వారాలు రాళ్లు తవ్వి సంపాదించిందంతా ఒక సరుకుల ఓడలో వేసుకుని, జీటా అనే పెద్ద బజారుకి బయల్దేరాను. దారంతా పోలీసు కాపలా ఉన్న ప్రాంతమే కదా అని ఆటోపైలట్ పెట్టాను. ఆ ఆటోపైలట్, ఒక నక్షత్రం నుంచి ఇంకోదానికి దూకించే గేటు పక్కన దింపదు, కొంచెం దూరంలో దింపి నెమ్మదిగా దేకిస్తుంది. స్టవ్ మీద పాలు పొంగుతున్న చప్పుడైతే లేచి వెళ్లాను. కట్టేసి వచ్చేసరికి ఓడ లేదు, గుడ్డులాంటి చిన్న పెట్టెలో నేనొక్కదాన్నే తేలుతున్నాను. నన్ను కొట్టినవాళ్ల ఓడల్ని పోలీసులు పేల్చేశారు, న్యాయం జరిగింది. కానీ వాళ్ల ఓడలు చవకవి, నా సరుకు ఖరీదైనది. ఆ లెక్క వేసుకునే వచ్చారు. చెదిరిన సరుకు ఏరుకోవడానికి ఇంకొకణ్ణి పక్కనే నిలబెట్టుకున్నారు కూడా.

ఏడుపొచ్చింది. మర్నాడు మళ్లీ లాగిన్ అయ్యాను. పోతుందని తెలిస్తే తప్ప సరుకుకి విలువ రాదు. అందులో బజారూ ధరలూ యుద్ధాలూ చాలావరకు ఆడేవాళ్లు నడిపించుకునేవే. 2014 జనవరిలో ఒక ప్రాంతానికి కట్టాల్సిన బిల్లు కట్టకుండా పోవడంతో మొదలైన యుద్ధం దాదాపు ఒక రోజంతా సాగి, అన్నిటికంటే పెద్దవైన టైటాన్ ఓడల్ని 75 మింగేసింది. అసలు డబ్బులో 3 లక్షల డాలర్ల దాకా నష్టమని లెక్క కట్టారు. అంత జనాన్ని మోయలేక సర్వర్ ఆటలో కాలాన్నే పదో వంతు వేగానికి తగ్గించింది. ఈ రుచి ఫోన్లో చూడాలంటే ఆల్బియన్ ఆన్‌లైన్ ఉంది. ఎవరు ఎవరినైనా చంపగలిగే నల్ల జోన్‌లోకి వెళ్లి చస్తే ఒంటి మీదిదీ సంచిలోదీ అంతా పోయినట్టే, కొంత పాడైపోగా మిగిలింది చంపినవాడు ఏరుకోవచ్చు. నీకు లూడోలో కాయ చస్తేనే రెండు రోజులు అలక కదా, నువ్వు ఇటు రాకు.

రెండో ప్రశ్న, నెల రోజులు ముఖం చూపించకపోతే ఏమవుతుంది? ఆఫీసులో రిలీజ్ టైమ్‌లో నీకు నిద్రే ఉండదు కాబట్టి ఇది నీకు ముఖ్యం. వార్‌క్రాఫ్ట్‌లో కొత్త సీజన్ వస్తే పాత కవచం పాతబడుతుంది, మళ్లీ పరుగు. గిల్డ్ వార్స్ 2లో ఆ బాధ లేదు. 2012లో పెట్టిన 80 లెవెల్ హద్దు ఇప్పటికీ అదే, నెల చందా కూడా లేదు. ఈవ్‌లో నువ్వు నిద్రపోతున్నా నైపుణ్యాలు గడియారం ప్రకారం పెరుగుతూనే ఉంటాయి. ఫైనల్ ఫాంటసీ 14లో ఇల్లు కొనుక్కుంటే మాత్రం జాగ్రత్త. 45 రోజులు లోపల అడుగు పెట్టకపోతే కూల్చేస్తారు. అక్కడా కబ్జా భయమే అనుకో.

ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ వేరే జాతి. అందులో చేపలు పట్టొచ్చు, చెట్లు కొట్టొచ్చు, వంట చేయొచ్చు. ఒక్కో పనికి 99 లెవెళ్లు. 92కి చేరాక దాదాపు అయిపోయిందని సంబరపడతావు. లెక్క చూస్తే అది సగం దూరమే. 99కి కావాల్సింది కోటీ 30 లక్షల పైచిలుకు పాయింట్లు. మీటింగుల్లో మ్యూట్ పెట్టుకుని చెట్లు కొట్టేవాళ్లని మా ఆఫీసులోనే చూశాను. నేను కూడా అందులో ఒకదాన్నే.

పింగ్, అంటే నువ్వు నొక్కింది సర్వర్‌కి చేరి జవాబు తిరిగి రావడానికి పట్టే టైమ్, దాని సంగతి అందరూ ఆఖర్న చూసుకుంటారు. గాజు తీగలో వెలుగు సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. చెన్నై నుంచి బంగాళాఖాతం అడుగున సింగపూర్ దాకా వేసిన ఐ2ఐ కేబుల్ పొడవు సుమారు 3,200 కిలోమీటర్లు. అంటే వెళ్లి రావడానికే 32 మిల్లీసెకన్లు. ఎంత పెద్ద ఇంటర్నెట్ ప్లాన్ కొన్నా అంతకంటే తగ్గదు. అమెరికా సర్వర్ అయితే 200 దాటడం మామూలే. రూన్‌స్కేప్ సర్వర్ నువ్వు నొక్కినవాటిని 0.6 సెకనుకోసారే లెక్కలోకి తీసుకుంటుంది, కాబట్టి ఆలస్యం పెద్దగా తెలీదు. ఫైనల్ ఫాంటసీలో కూడా దెబ్బకీ దెబ్బకీ మధ్య రెండున్నర సెకన్లు ఉంటాయి. బ్లాక్ డెజర్ట్ లాంటివాటిలో గురి పెట్టి, తప్పుకుని, అప్పటికప్పుడు కొట్టాలి. పీజీ వైఫైలో ఇరవైమంది రీల్స్ చూస్తుండగా అది ఆడితే టెన్షన్ తప్ప ఏం మిగలదు. రిచ్చీ స్ట్రీట్‌కి వెళ్లి పది మీటర్ల లాన్ వైరు కొనుక్కో.

డబ్బు గురించి ఒక్క మాట. నెల చందా అడిగేవాడి కంటే, ఉచితం అని పిలిచి లోపల కొట్టు పెట్టినవాడి దగ్గరే ఎక్కువ ఖర్చవుతుంది. నా మాట విని మొదట ఫైనల్ ఫాంటసీ ఉచిత ట్రయల్‌లో దిగు. 70వ లెవెల్ దాకా రోజుల లెక్క లేదు. కథ నెమ్మదిగా సాగుతుంది, ఓపిక పట్టు. ఒకే క్యారెక్టర్‌తో అన్ని పాత్రలూ నేర్చుకోవచ్చు కాబట్టి ముందు నిలబడి దెబ్బలు తినే ట్యాంకువా, వెనక నుంచి గాయాలు మాన్పే హీలర్‌వా అని ముందే తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు.

నేను పదేళ్లు హీలర్‌గా ఆడాను. వెనక నిలబడి అందరి రక్తం గీతలూ చూస్తూ, "బ్రో, హీల్ బ్రో" అనిపించుకుంటూ. నేను బ్రోని కాదని మా గిల్డ్‌లో, అంటే కలిసి ఆడే జట్టులో, ఇద్దరికే తెలుసు. వచ్చే ఆదివారం లాప్‌టాప్, వైరు రెండూ తీసుకురా. ఈసారి ట్యాంకు నేను. నువ్వు వెనకాల నిలబడి నా రక్తం చూసుకో.

మీ పిన్ని
పెరంబూరు