గుడ్డ తడిపి రాయి

చెన్నై

చి. సుధకి,

నీ వ్యాసం చదివాను. జొన్నలగడ్డ గుర్రప్ప చెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చిందనీ, శ్రీకాళహస్తి కలంకారీకి జీవితం ధారపోశారనీ రాశావు. బాగానే ఉంది. కానీ మూడు పేజీల్లో గుడ్డ ఒక్కసారి కూడా తడవలేదు! చేతిపని చేస్తూనే ఆ పని తీరును రాసిపెట్టిన మనిషి ఆయన. అలాంటివాళ్ళ గురించి రాసేటప్పుడు పొగడ్త తగ్గించి పని వరస పట్టుకో.

‘సహజ రంగులు’ అని ఊరుకోకు. గంజి పోయేలా ఉతికిన నూలుగుడ్డని కరక్కాయ పొడి కలిపిన పచ్చి గేదెపాలలో ముంచి, పిండి, ఎండేస్తారు. పాలలో వెన్న ఉండబట్టే కలం గీత పాకదు. పాలు పల్చనైతే అంచులు చెదురుతాయి. తుప్పు పట్టిన ఇనపముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి మూడు వారాల దాకా పులియనిస్తే కసిమి. నలుపంతా దాంతోనే. అయితే ఆ చిక్కటి నలుపు కుండలో రాదు, కరక్కాయ పట్టిన గుడ్డ తగిలాకే తేలుతుంది. కసిమి ఘాటు ఎక్కువైతే ఏళ్ళు గడిచాక గుడ్డ ఆ గీత వెంబడే చిరుగుతుంది. పాత గుడ్డ ఏది చేతికొచ్చినా ముందు నల్లగీతలే చూడు.

ఎరుపు దగ్గర చాలామంది తప్పు రాస్తారు. కలంతో పూసేది ఎర్రరంగు కాదు, పటికనీళ్ళు. అది బాగా ఆరాక పారే నీళ్ళలో జాడించి, ఎరుపునిచ్చే చిరివేరు లాంటివి వేసి ఉడికిస్తారు. పటిక తగిలినచోటే ఎరుపు నిలుస్తుంది. జాడింపు చాలకపోతే మిగిలిన పటిక పక్కకి పాకి బొమ్మ చుట్టూ ఎర్రమరక పడుతుంది. శ్రీకాళహస్తి పక్కన పారే స్వర్ణముఖి సంగతి ఇక్కడ చెప్పు, నది అందాల వర్ణన మాత్రం వద్దు.

కలం అంటే వెదురుపుల్ల. మొనకి కాస్త పైన ఉన్నిగానీ గుడ్డపేలికగానీ చుట్టి దారంతో బిగిస్తారు. వేళ్ళతో నొక్కిన కొద్దీ రంగు దిగుతుంది. తిరువాన్మియూరు కళాక్షేత్రలో కలంకారీ పని జరుగుతుంది, అనుమతి అడిగి ఆ నొక్కుడు ఓసారి చూసిరా.

చరిత్రకి రెండు వాక్యాలు చాలు: పని కొద్ది కుటుంబాల్లో కొనఊపిరితో ఉండటం, 1950ల్లో చేతిపనుల పునరుద్ధరణకి పాటుపడిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో శిక్షణ కేంద్రం రావడం.

బొమ్మల పట్టీల్లో తెలుగు రాత ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు దించుకో, అక్షరదోషాలు కనిపించినా దిద్దకు. ఏ కథ ఏ వరసలో సాగిందో తెలిసేది దానివల్లే. మాధవరం బస్టాండులో పొద్దున్నే శ్రీకాళహస్తి బస్సెక్కు. గుడ్డలు ఉతికే వేళకి అక్కడ ఉండాలి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు