న్యూట్రోఫిల్స్ తక్కువ... ఇంజెక్షన్ వేయించాలా?

ప్రశ్న: బీపీ బాగా పెరగడంతో 32వ వారంలోనే నాకు సిజేరియన్ చేశారు. బాబు బరువు 1.4 కిలోలు. రెండో రోజు రక్తపరీక్షలో తెల్లకణాలు 4,800, న్యూట్రోఫిల్స్ 14 శాతం, బ్యాండ్స్ 2 శాతం వచ్చాయి. కణాలు పెంచే జీ-సీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్ ఉందట కదా, డాక్టర్లేమో ‘చూద్దాం’ అంటున్నారు. ఆలస్యమైతే ప్రమాదమా?
- ఓ పాఠకురాలు

జవాబు: ముందు లెక్క చూద్దాం. న్యూట్రోఫిల్స్ అంటే ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు. న్యూట్రోఫిల్స్ 14, బ్యాండ్స్ 2 కలిపితే 16 శాతం. 4,800లో 16 శాతం అంటే 768. తక్కువే. కానీ మేం బాగా కంగారుపడేది 500 లోపు పడిపోయినప్పుడు. బ్యాండ్స్ అంటే ఇంకా ముదరని న్యూట్రోఫిల్స్. మీ బాబుకు 16లో 2, అంటే 0.125. ఇది 0.2 దాటితే ఇన్‌ఫెక్షన్‌ను అనుమానిస్తాం. తల్లికి బీపీ ఉన్నప్పుడు బిడ్డ ఎముక మజ్జలో న్యూట్రోఫిల్స్ తయారీ మందగిస్తుంది. ఎక్కువమందిలో కొద్ది రోజుల్లోనే దానంతటదే సర్దుకుంటుంది.

జీ-సీఎస్‌ఎఫ్ మన ఒంట్లో తయారయ్యే ప్రోటీనే. మజ్జలో ఎదుగుతున్న కణాల మీద దానికంటూ రిసెప్టర్లు ఉంటాయి. ప్రోటీన్ వచ్చి అతుక్కోగానే అవి జతకూడి కణం లోపలికి సంకేతం పంపుతాయి. కణాలు పెరుగుతాయి, నిల్వలో ఉన్నవి రక్తంలోకి వస్తాయి. నెలలు నిండని బిడ్డకు ఆ నిల్వే తక్కువ. పైగా వచ్చిన కణాలు కూడా రక్తనాళం గోడ దాటి ఇన్‌ఫెక్షన్ ఉన్నచోటికి చేరడంలో నెమ్మది. రిపోర్టులో అంకె పెరిగినంత మాత్రాన రక్షణ పెరిగినట్టు కాదు. ఇదే కుటుంబానికి చెందిన మరో ప్రోటీన్ జీఎం-సీఎస్‌ఎఫ్‌ను బ్రిటన్‌లో 31 వారాల్లోపు పుట్టిన 280 మంది చిన్న బరువు పిల్లలపై పరీక్షించారు. సగం మందికి కిలోకు 10 మైక్రోగ్రాముల చొప్పున 5 రోజులు ఇచ్చారు. 2009లో ఫలితాలు వచ్చాయి: కణాలు త్వరగా పెరిగాయి, ఇన్‌ఫెక్షన్లు మాత్రం తగ్గలేదు. మీ డాక్టర్ల ‘చూద్దాం’ నిర్లక్ష్యం కాదు.

కౌంట్ రోజుల తరబడి 500 లోపే ఉండిపోతే కథ వేరు. పుట్టుకతోనే న్యూట్రోఫిల్స్ తయారుకాని అరుదైన జబ్బులో ఈ ఇంజెక్షనే ప్రాణాధారం, ఏళ్ల తరబడి వేయాలి. మరీ అరుదుగా రిసెప్టర్ జన్యువులోనే లోపం ఉంటే అదీ పనిచేయదు.

ఇప్పుడు మీరు అడగాల్సింది సీబీసీ (రక్తకణాల లెక్క చూసే పరీక్ష) మళ్లీ ఎప్పుడు చేస్తారని. పాలు పిండి పట్టించండి, కంగారూ కేర్ ఇవ్వండి (బిడ్డను మీ ఛాతీకి ఒంటికి ఒళ్లు ఆనేలా హత్తుకోండి), తాకే ముందు ప్రతిసారీ చేతులు కడుక్కోండి. ఇంటికి వెళ్లాక బొడ్డుకు నూనె, పసుపు వద్దు, సాంబ్రాణి పొగ అసలే వద్దు. పాలు తాగకపోయినా, ఒళ్లు చల్లబడినా, నిమిషానికి 60కి మించి ఊపిరి తీస్తున్నా జ్వరం వచ్చేదాకా ఆగొద్దు. ఇంత చిన్న బిడ్డలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి, అప్పుడు ముందు పడాల్సింది యాంటీబయాటిక్.