వీసా చేతికి రాకముందే పెట్టె సర్దవచ్చా?

ప్రశ్న: మాది గాజువాక. నేను ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి మెకానికల్ డిప్లొమా చేసి, అచ్యుతాపురం వైపు ఒక ఫ్యాబ్రికేషన్ కంపెనీలో వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేస్తున్నాడు. అబూధాబీలో రెండేళ్ల కాంట్రాక్టుకు ఎంపికయ్యాడు కానీ, సర్టిఫికెట్ల అటెస్టేషన్ (అవి అసలైనవేనని అధికారులు ముద్ర వేయడం) దగ్గర ఆగి వీసా రావడం లేదు. ఇంట్లో సామాన్లన్నీ సర్దేశారు, ఆవకాయ కూడా డబ్బాలకెత్తారు. ఇక్కడి ఉద్యోగానికి ఇప్పుడే రాజీనామా ఇవ్వాలా? ఈలోగా విజిట్ వీసా మీద వెళ్లిపోతే అక్కడ మార్పిస్తామని ఏజెంటు అంటున్నాడు. వెంట ఏమేం తీసుకెళ్లాలో కూడా చెప్పగలరు.

జవాబు: అయ్యా, మీరు విజిట్ వీసా గురించి అడిగినదానికే ముందు జవాబు చెప్పాలి. విజిట్ వీసా మీద పంపకండి. ఆ వీసాతో పనిచేయడం అక్కడి చట్టం ప్రకారం నేరం. ప్రమాదం జరిగినా, జీతం ఆగినా అడగడానికి మీ అబ్బాయి చేతిలో నమోదైన ఒప్పందం ఉండదు. ఉద్యోగిని తీసుకువెళ్లే ఖర్చును యజమానే భరించాలని, ఉద్యోగి నుంచి వసూలు చేయకూడదని యూఏఈ 2021లో చేసిన కార్మిక చట్టం చెబుతోంది. మన దేశంలో రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. ఏజెంటుకు లైసెన్సు ఉన్నదో లేదో విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో వెతికితే తెలిసిపోతుంది. పదో తరగతి పాసైనవారికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (విదేశంలో పనికి వెళ్లడానికి మన ప్రభుత్వం ఇచ్చే అనుమతి) అక్కర్లేదు కాబట్టి ఇవన్నీ తమకు సంబంధించినవి కావని చాలా కుటుంబాలు అనుకుంటాయి. క్లియరెన్స్ అవసరం లేకపోయినా, మీతో వ్యవహరించే ఏజెంటుకు లైసెన్సు ఉండి తీరాలి.

రాజీనామా విషయంలో నా అభిప్రాయం స్పష్టం. ఎంప్లాయ్‌మెంట్ ఎంట్రీ పర్మిట్ (ఉద్యోగం కోసం ఆ దేశంలో అడుగుపెట్టడానికి ఇచ్చే అనుమతి) కాపీ చేతికి వచ్చి, అందులోని పేరు, పాస్‌పోర్టు నంబరు, హోదా సరిచూసుకున్న తర్వాతే రాజీనామా ఇవ్వాలి. ఆ పర్మిట్ జారీ అయ్యాక దేశంలో ప్రవేశించడానికి సాధారణంగా 60 రోజుల గడువు ఉంటుంది కనుక, నెల రోజుల నోటీసు కాలం అందులో ఇమిడిపోతుంది. నోటీసు సక్రమంగా పూర్తిచేస్తే రిలీవింగ్ లెటర్, అనుభవ ధ్రువపత్రం కూడా అందుతాయి. రేపు ఇంకో దేశానికి దరఖాస్తు చేసినా మొదట అడిగేవి అవే. బంధువులు ఎప్పుడు బయల్దేరుతున్నాడని అడుగుతూనే ఉంటారు, వారి కోసం నెల జీతం వదులుకోవలసిన అవసరం లేదు.

ఇక అటెస్టేషన్ ఎందుకు ఆగిందో ఏజెంటును కాక, కాగితాలనే అడగండి. విదేశీ ధ్రువపత్రాల గుర్తింపు కోసం 1961లో కుదిరిన హేగ్ ఒప్పందంలో యూఏఈ లేదు, కాబట్టి అపోస్టిల్ (ఆ ఒప్పంద దేశాల్లో చెల్లే ధ్రువీకరణ ముద్ర) ఒక్కటి వేయించుకుంటే అక్కడ చెల్లదు. డిప్లొమాకు ముందు మన రాష్ట్రంలో, తర్వాత విదేశాంగ శాఖలో, ఆపైన యూఏఈ రాయబార కార్యాలయంలో ముద్రలు పడాలి, చివరగా అక్కడి విదేశాంగ శాఖ ధ్రువీకరించాలి. ఈ మెట్లలో ఏ మెట్టు మీద ఆగిందో తెలుసుకోకుండా ఎదురుచూడటం వృథా.

మన తెలుగువారి కాగితాలు ఎక్కువగా పేరు దగ్గరే చిక్కుకుంటాయి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, డిప్లొమాలో పూర్తిగా ముందు వస్తుంది, పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరు ఒకే గడిలో ఇరుక్కుంటుంది. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవారికి విజిట్, టూరిస్టు వీసాలు ఇవ్వబోమని యూఏఈ 2022 నవంబరులో ప్రకటించింది. మీ ఏజెంటు చెప్పిన దగ్గరదారి ఈ కారణంగా కూడా మూసుకుపోవచ్చు. మీ అబ్బాయి పాస్‌పోర్టు అలాగే ఉంటే, సవరణకు దరఖాస్తు చేసే ముందు కంపెనీని ఈమెయిల్‌లో సంప్రదించి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. సవరించిన పాస్‌పోర్టు కొత్త నంబరుతో వస్తుంది, వైద్య పరీక్షలు పాత నంబరు మీద జరిగి ఉంటే అవీ మళ్లీ చేయించుకోవలసి రావచ్చు.

పెట్టె సంగతికి వస్తే, సర్దడం తప్పు కాదు. తేదీతో పని లేని వస్తువులే ఇప్పుడు సర్దాలి. అన్నిటికంటే ముందు కాగితాల ఫైలు. అటెస్టేషన్ కోసం అసలు సర్టిఫికెట్టు ఇంటి గడప దాటుతుంది కనుక, పంపేముందే రెండువైపులా స్కాన్ చేసి పెట్టుకోండి. ఫైలులో పాస్‌పోర్టు, పర్మిట్ కాపీ, సంతకమైన ఆఫర్ లెటర్, అనుభవ పత్రాలు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఉండాలి; పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. ఈ ఫైలు చేతిసంచిలోనే ప్రయాణించాలి, పెద్ద పెట్టెలో కాదు. ఆలస్యమైన ఈ వ్యవధిలో మీ అబ్బాయి తన వృత్తి ధ్రువపత్రాల గడువులను కూడా చూసుకోవాలి. వెల్డింగ్ ఇన్‌స్పెక్టర్ల అర్హత పత్రమైన సీఎస్‌డబ్ల్యూఐపీ సర్టిఫికెట్టు ఐదేళ్లకు ముగుస్తుంది; లోహాన్ని పాడుచేయకుండా లోపాలు పరీక్షించే ఎన్‌డీటీలో లెవల్ టూ అర్హత ఉన్నవారు దగ్గరి చూపు పరీక్షను ఏటా చేయించుకోవాలి. వందలు ఖర్చయ్యే కంటి పరీక్ష కాగితం లేక సైట్‌లో తొలి వారాలు ఖాళీగా కూర్చోవలసి రావడం ఈ రంగంలో కొత్త కాదు.

తినేవాటి దగ్గర తల్లులకు కోపం వచ్చే మాటలు చెప్పాలి. గసగసాలు యూఏఈలో నిషిద్ధ పదార్థం, అక్కడ అవి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. విడిగా పొట్లం కట్టకపోయినా, ఇంట్లో కొట్టిన కోడికూర మసాలా పొడిలో అవి ఉంటే చాలు. ఆ పొడి గసగసాలు లేకుండా మళ్లీ కొట్టండి, లేదా పూర్తిగా మానేయండి. ఎండు కొబ్బరికి తనంతట తాను వేడెక్కే గుణం ఉన్నందున చెక్-ఇన్ సామానులో అనుమతించరు, విశాఖ విమానాశ్రయంలోనే తీసి పక్కన పెట్టిస్తారు. డబ్బాలకెత్తిన ఆవకాయను ఇంట్లో తినేయండి. టికెట్ వచ్చిన వారంలో కొద్దిగా, నూనె పైకి తేలకుండా ప్యాక్ చేయించి చెక్-ఇన్ పెట్టెలో పెట్టవచ్చు.

మందుల్లో కోడీన్ ఉన్న దగ్గు సిరప్పులు, ట్రామడాల్ వంటి నొప్పి మాత్రలు ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్లకూడదు. రోజూ వాడేవి ఉంటే అసలు ప్యాకింగ్‌లో, డాక్టరు చీటీతో తీసుకెళ్లాలి. పవర్ బ్యాంకు చేతిసంచిలో పెట్టాలి. సాధారణంగా దొరికే 20,000 ఎంఏహెచ్ వరకు ఇబ్బంది లేదు. సేఫ్టీ బూట్లు, కవరాల్ కంపెనీ ఇస్తుందో లేదో అడిగి, ఇస్తే ఆ బరువు వదిలేయండి. నూలు బట్టలు ఎక్కువ, చలికాలపు రాత్రుల కోసం ఒక స్వెటర్, మూడు చదరపు కాళ్ల ప్లగ్ అడాప్టరు ఒకటి చాలు.

చివరిగా బరువు. కంపెనీ పంపిన టికెట్ హైదరాబాదు నుంచి మొదలైతే, విశాఖ నుంచి అక్కడికి మీరు వేరే టికెట్ కొనవలసి ఉంటుంది. అంతర్జాతీయ టికెట్‌పై 30 కిలోలు రాసి ఉన్నా, విడిగా కొన్న దేశీయ టికెట్‌పై చాలా విమానసంస్థలు 15 కిలోలే అనుమతిస్తాయి; మిగిలిన దానికి కిలోల లెక్కన రుసుము కట్టాలి. అందుకని గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఒక రోజు ముందే హైదరాబాదు చేరడం మేలు. ఏ పెట్టె అయినా ఒక్కటే 32 కిలోలు దాటితే రుసుము కట్టినా తీసుకోరు, కనుక ఇంట్లోనే తూకం వేసుకొని బయల్దేరండి.