సెల్లు కొలిచే ముందు ఎండను కొలువు

స్రవంతీ,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసింది. "దీనికి కాలేజీలో సోలార్ కారు పని అప్పజెప్పారంటరా, సోలార్ సెల్లు పరీక్షించేది ఇదేనంట, కరెంటుతో పని కదా, ఏం కాదు కదా?" అని అడిగింది. ఏం కాదక్కా అని ధైర్యం చెప్పి పెట్టేశాను. ఆ తర్వాత నాకే నిద్ర పట్టలేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ప్యానెళ్ల టెస్టింగులోనే ఉన్నవాణ్ని, మన ఇంటి పిల్ల అదే బల్ల ముందు నిలబడబోతుందంటే ఎంత సంతోషమో చెప్పలేను. కానీ ఆ బల్ల దగ్గర ఏమేం జరుగుతాయో నాకు తెలుసు కాబట్టే ఈ ఉత్తరం. ఓపిగ్గా చదువు.

1987లో ఆస్ట్రేలియాలో డార్విన్ నుంచి అడిలైడ్ దాకా మూడు వేల కిలోమీటర్ల సోలార్ కార్ల పందెం మొదటిసారి జరిగింది. జనరల్ మోటార్స్ వాళ్ల సన్‌రేసర్ గంటకు దాదాపు 67 కిలోమీటర్ల సగటుతో గెలిచింది. అప్పుడు నేను డిప్లొమా చదువుతున్నా. పేపర్లో వచ్చిన ఆ బొమ్మ కత్తిరించి ట్రంకుపెట్టె మూత లోపల అంటించుకున్నా. మీ తాతయ్య దాన్ని చూసి చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగారు, "మబ్బు పడితే?" అని. నేను చూసిన ఇంజనీర్లలో చాలామందికి ఆ ప్రశ్న ముందు తట్టలేదు.

సరే, పనిలోకి వద్దాం.

మీరు కొన్నవి 125 మిల్లీమీటర్ల బ్యాక్ కాంటాక్ట్ సెల్లని అక్క పంపిన ఫొటోలో చూశా. మంచివే. ముందువైపు గీతలుండవు, ప్లస్సూ మైనస్సూ రెండూ వెనకే. ఒక్కోటి పూర్తి ఎండలో మూడున్నర వాట్ల దాకా ఇస్తుంది. ఓపెన్ సర్క్యూట్‌లో, అంటే ఏమీ తగిలించనప్పుడు, 0.7 వోల్టులు; షార్ట్ సర్క్యూట్‌లో, అంటే ప్లస్సూ మైనస్సూ నేరుగా కలిపినప్పుడు, 6 ఆంప్స్ అటూఇటూ. డార్విన్ పందెంలో ఈమధ్య చాలా ఏళ్లు సిలికాన్ సెల్లకు నాలుగు చదరపు మీటర్లే ఇచ్చేవాళ్లు. అంటే ఇలాంటివి 260 దాకా పడతాయి, బండి మొత్తానికీ తొమ్మిది వందల వాట్లు. మిక్సీకీ ఐరన్ బాక్సుకీ మధ్య సరిపోయే కరెంటుతో మనిషిని ఎక్కించుకుని బండి నడవాలి. అందుకే ఒక్కో సెల్లూ లెక్కలోకి వస్తుంది.

సెల్లు ఎప్పుడూ అంచులు పట్టుకుని ఎత్తు. వేళ్ల ముద్రలు పడనీయకు. ప్రతిదానికీ నంబరు ఇవ్వు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నీకు తెలియకపోవచ్చు అనిపించేది ఒకటుంది. దాన్ని మాత్రం పూర్తిగా చెబుతా.

చాలా ఏళ్ల కిందట, నేను పనిచేసే ల్యాబుకి ఒక కాలేజీ పిల్లలు వాళ్ల కారు ప్యానెల్ తెచ్చారు. లెక్క ప్రకారం రావాల్సిన దాంట్లో మూడొంతులు కూడా రావడం లేదు, ఎందుకో చూడమన్నారు. వాళ్ల టీమ్ లీడర్ నీ వయసు కుర్రాడే. సెల్లన్నీ మేమే గ్రేడింగ్ చేశాం సార్ అని ఒక నోటుబుక్కు తీసి చూపించాడు. ముచ్చటైన చేతిరాత. ప్రతి సెల్ నంబరుకూ ఎదురుగా వోల్టేజి, పక్కన ఎ, బి, సి అని గ్రేడు. నేను ఆ కాలమ్ వెంట వేలుపెట్టి కిందికి జరుపుకుంటూ పోయా. మొదటి పేజీల్లో అన్నీ ఎ గ్రేడు. మధ్యలో బి. చివరి పేజీలన్నీ సి. కొన్నవేమో అన్నీ ఒకే పెట్టెలోవి.

"ఎప్పుడు కొలిచారు బాబూ?" అని అడిగా.

పొద్దున తొమ్మిదికి కాలేజీ మేడ మీద మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా కొలిచారట. సెల్లన్నీ బల్ల మీద పరిచి, మల్టీమీటరుతో వరసగా ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి మాత్రం చూసుకుంటూ పోయారు. సెల్ వేడెక్కితే వోల్టేజి పడిపోతుంది, డిగ్రీకి ఇంచుమించు రెండు మిల్లీవోల్టులు. పొద్దున 30 డిగ్రీలున్న సెల్‌కీ, మధ్యాహ్నం దాకా ఎండలో కాగి 60కి చేరిన సెల్‌కీ యాభై మిల్లీవోల్టులకు పైగా తేడా వస్తుంది. ఒకే పెట్టెలోని మంచి సెల్లలో అసలు తేడా కొన్ని మిల్లీవోల్టులకు మించదు. అంటే ఆ పిల్లలు రోజంతా కష్టపడి గ్రేడింగ్ చేసింది సెల్లను కాదు, ఎండను.

అది కూడా సర్దుకోవచ్చు. గ్రేడులు కలగాపులగమైతే కొన్ని వాట్లు పోతాయి, అంతే. అసలు దెబ్బ ఇంకోచోట తగిలింది. ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి చూసినప్పుడు సెల్ నుంచి కరెంటు పారదు. మూల విరిగిన సెల్లు, లోపల పగులున్న సెల్లు అన్నీ దాదాపు నిండు వోల్టేజే చూపిస్తాయి. అలాంటివి రెండు వాళ్ల చేతుల్లోంచి దాటిపోయాయి. వాటికి ఎ గ్రేడే పడింది, పొద్దున కొలిచారు కదా. సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటిగా వరసలో, కట్టాక మిగతా సెల్లు ఆరు ఆంప్స్ తోయబోతే ఈ రెండూ అంత పారనివ్వలేదు. అప్పుడవి కరెంటు ఇవ్వడం మాని, పక్కవాటి కరెంటును తిని కాగడం మొదలుపెట్టాయి. ప్యానెల్ తిప్పి చూస్తే వెనకాల షీటు రూపాయి బిళ్లంత మేర గోధుమరంగుకి తిరిగి, బొబ్బలెక్కి ఉంది. ఆ కుర్రాడు దాని మీద వేలు పెట్టి అలాగే నిలబడిపోయాడు. ల్యామినేషన్, అంటే సెల్లని షీట్ల మధ్య అతికించెయ్యడం, అయిపోయింది, బాడీకి అంటించేశారు, ఇక ఊడదీయడానికి లేదు. పోటీ వారంలోనే ఉంది. దానితోనే వెళ్లారు.

విడి సెల్‌గా ఉన్నప్పుడు ఒక్కసారి కరెంటు పారించి చూసి ఉంటే దొరికిపోయేది. ఇప్పటికీ ఆ కుర్రాడి ముఖం మరిచిపోలేను. నువ్వు అలా నిలబడకూడదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

కాబట్టి ప్రతి సెల్‌కీ పూర్తి ఐవీ కర్వ్ తియ్యి, అంటే ఏ వోల్టేజి దగ్గర ఎంత కరెంటు వస్తుందో చూపే గీత. సున్నా వోల్టుల నుంచి ఓపెన్ సర్క్యూట్ దాకా లోడు మార్చుకుంటూ పోతే గీత వస్తుంది. గీత మోకాలు దగ్గర వంగే చోట వచ్చేదే గరిష్ఠ పవర్. దాన్ని ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి (వీఓసీ), షార్ట్ సర్క్యూట్ కరెంటు (ఐఎస్‌సీ) రెండింటి లబ్ధంతో భాగిస్తే ఫిల్ ఫ్యాక్టర్. మీ సెల్లకి 0.78కి తగ్గితే అనుమానించు. కానీ ముందు నీ వైర్లను అనుమానించు, తర్వాతే సెల్‌ని.

ఎందుకో చూడు. ఆరు ఆంప్స్ పారుతున్నప్పుడు నీ క్లిప్పులూ వైర్లూ కలిసి 0.05 ఓమ్ ఉన్నా 0.3 వోల్టులు వాటిలోనే పోతాయి. సెల్ ఇచ్చేదే 0.6. సగం పవరు క్లిప్పుల్లో మాయమై, మంచి సెల్ చచ్చుదానిలా కనబడుతుంది. నాలుగు వైర్ల పద్ధతి తప్ప వేరే దారి లేదు. రెండు వైర్లు కరెంటుకి, వేరే రెండు వోల్టేజికి. వోల్టేజి వైర్లు సెల్ ప్యాడ్‌నే తాకాలి, క్లిప్పుని కాదు. స్ప్రింగు పిన్నులతో సెల్‌ని పట్టి ఉంచే చిన్న జిగ్ చేయించుకో, చేత్తో నొక్కి పట్టుకుంటే ఒక్కోసారి ఒక్కో రీడింగు వస్తుంది. ఎలక్ట్రానిక్ లోడ్ (సెల్ నుంచి కావలసినంత కరెంటు లాగే పరికరం) కొనేముందు, ఒక్క వోల్టు లోపల కూడా ఆరు ఆంప్స్ లాగగలదా అని అడుగు. చాలావాటికి చేతకాదు. కొన్నాక తెలిస్తే డబ్బు దండగ.

వెలుతురు సంగతి. కాగితం మీద రాసే వాట్లన్నీ చదరపు మీటరుకు 1000 వాట్ల వెలుతురు, సెల్ లోపల 25 డిగ్రీలు, ఏఎం 1.5 స్పెక్ట్రమ్ (గాలిపొరల్లోంచి వాలుగా వచ్చే ఎండలోని రంగుల ప్రామాణిక పాళ్లు) అన్న లెక్కకి కట్టుబడినవి. హాలోజెన్ లైట్లు పెట్టి కొలుద్దామని మీవాళ్లెవరైనా అంటే ఒప్పుకోకు. వాటిలో ఎరుపు, ఇన్‌ఫ్రారెడ్ ఎక్కువ, సెల్‌ని మాడ్చేస్తాయి కూడా. మనకి ఎండకేం కరువు? మబ్బు లేని రోజు చూసుకుని పదకొండు, ఒంటిగంట మధ్య మేడెక్కు. తెల్లటి మబ్బు తునకలు తేలుతుంటే ఆ రోజు వదిలెయ్. మబ్బు అంచు పక్కనే ఉంటే వెలుతురు తగ్గడం కాదు, 1000 దాటిపోతుంది.

సెల్ పక్కనే, అదే వాలులో, ఒక రిఫరెన్స్ సెల్ పెట్టు. దాని షార్ట్ సర్క్యూట్ కరెంటే నీకు ఎండ కొలత. ప్రతి కర్వ్‌తో పాటే దాని రీడింగూ పడాలి, పది నిమిషాలకోసారి కాదు. కొలవాల్సిన సెల్‌ని నీడలో ఉంచి, అట్టముక్క తీసిన వెంటనే కర్వ్ తీసుకుని మళ్లీ మూసెయ్. వెనక సన్న థర్మోకపుల్ అంటించి ఉష్ణోగ్రత రాసుకో. ఈ రెండు అంకెలూ లేకపోతే మిగతావి ఎన్ని రాసినా నోటుబుక్కు నింపడమే.

సిరీస్‌లో కట్టేటప్పుడు వోల్టేజి చూసి జతపరచకు, గరిష్ఠ పవర్ దగ్గరి కరెంటు చూసి జతపరచు. వరసలో బలహీనమైన సెల్ ఎంత పారనిస్తే అందరికీ అంతే. కారు ముక్కు మీద వంగిన సెల్లనీ పైన చదునుగా ఉన్నవాటినీ ఒకే వరసలో కలపకు. 30 డిగ్రీలు వాలితేనే వెలుతురు 13 శాతం పోతుంది. బలహీనమైన సెల్లని తప్పించి కరెంటుకి పక్కదారి ఇచ్చే బైపాస్ డయోడ్లు తప్పనిసరి. సోల్డరింగ్ అయ్యాక ఒకసారి, ల్యామినేషన్ అయ్యాక ఒకసారి మళ్లీ కర్వ్ తియ్యండి. స్ట్రింగు (వరస మొత్తం) కర్వ్‌లో మెట్టు కనబడితే ఆ వరసలో ఒకటి తేడాగా ఉన్నట్టే. కెమెరా ఉన్న స్నేహితులెవరైనా ఉంటే, ఇన్‌ఫ్రారెడ్‌ని ఆపే ఫిల్టర్ తీయించిన పాత కెమెరా దొరుకుతుందేమో అడుగు. చీకటిగదిలో సెల్‌లోకి బయటినుంచి, ప్లస్సుకి ప్లస్సు, మైనస్సుకి మైనస్సు కలిపి, కరెంటు పంపితే సిలికాన్ ఇన్‌ఫ్రారెడ్‌లో వెలుగుతుంది, పగుళ్లు నల్లగా బయటపడతాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. కంటికి నున్నగా కనబడే సెల్‌లో ఏటి పాయల్లా చీలికలు.

ఇప్పుడు అక్కకి చెప్పనిది నీకు చెబుతా. విడి సెల్ నిన్నేం చేయదు. వరసలన్నీ కలిపాక నూటయాభై వోల్టులు దాటొచ్చు, అది డీసీ. ఇంట్లో ఏసీ కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి నిప్పురవ్వ ఆరిపోతుంది. డీసీ రవ్వ అలా ఆరదు, సాగుతుంది. పైగా సూర్యుడికి స్విచ్ లేదు. కరెంటు పారుతుండగా కనెక్టర్ లాగి అరచెయ్యి కాల్చుకున్నవాణ్ని నా కళ్లతో చూశా, నా కింద పనిచేసిన పిల్లాడే. కనెక్టర్ ముట్టుకునే ముందు లోడు ఆపెయ్, ప్యానెల్ మీద మందపాటి నల్లటి టార్పాలిన్ కప్పు, మీటరుతో చూసి అప్పుడు ముట్టుకో. బ్యాటరీ దగ్గరికి ఉంగరం, గాజులతో వెళ్లావంటే ఊరుకోను. అమ్మమ్మ ఇచ్చిన బంగారు గాజులు తీయనని మొండికేస్తావని నాకు తెలుసు. తీసి పెట్టెలో పెట్టు. ఒంటరిగా మాత్రం ఆ పని చెయ్యకు, అర్ధరాత్రి దాకా మేలుకుని అసలే చెయ్యకు. నిద్రలేని చేతులకి పాజిటివ్, నెగటివ్ ఒకటే.

మేడ మీద నిలబడేటప్పుడు టోపీ పెట్టుకో, ఉప్పేసిన మజ్జిగ పక్కన పెట్టుకో. చిన్నప్పుడు మా ఇంటికొస్తే ఎండలో తిరిగి ముక్కులోంచి రక్తం తెచ్చుకునేదానివి.

నా దగ్గరున్న రిఫరెన్స్ సెల్ బస్సు పార్సిల్‌లో పంపుతున్నా. దాని క్యాలిబ్రేషన్ గడువు ఎప్పుడో అయిపోయింది, సెల్లని ఒకదానితో ఒకటి పోల్చుకోడానికి పనికొస్తుంది గానీ, ఇన్ని వాట్లు అని పోటీ కాగితాల్లో రాయడానికి కాదు. అందుకు మీ సార్‌ని అడిగి ఒకటి రెండు సెల్లు గురుగ్రామ్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోలార్ ఎనర్జీలో కొలిపించే వీలుందేమో కనుక్కో. మొదటి పది సెల్ల కర్వులు, వాటి పక్కన ఎండా వేడీ రీడింగులతో సహా నాకు వాట్సాప్ చెయ్యి. నేను చూసి సరేననేదాకా సోల్డరింగ్ ఐరన్ వేడి చెయ్యకు.

మీ మామయ్య