విశాఖలో గుర్రం పెంచితే స్థలానికి రాయితీ వస్తుందా?

మధురవాడలో మీకున్న 300 గజాల ఖాళీ స్థలంలో షెడ్డు వేసి గుర్రాన్ని కడితే పన్ను తగ్గుతుందా అని అడిగారు. ఆనందపురం దగ్గర ఒక మామిడితోటలో మా రెండు గుర్రాలు ఉన్నాయండీ. గుర్రం ఉందని నాకెవరూ పన్ను తగ్గించలేదు. ఆ ఆశతో మాత్రం షెడ్డు వెయ్యకండి.

నాకు కలిసొచ్చింది లద్దె. ఒక్కో గుర్రం రోజుకి 15 నుంచి 20 కిలోలు వేస్తుంది. ఇళ్ళ మధ్య అయితే వారం తిరక్కుండా ఈగలు, పక్కింటివాళ్ళతో తగాదా. తోటలో అదే ఎరువు. పచ్చిగా వేస్తే మొక్క మాడిపోతుంది కాబట్టి కుప్ప పోసి, తడుపుతూ, తిరగేస్తూ రెండు మూడు నెలలు మాగబెడతాం. పొద్దున్నే పార దింపితే లోపల్నుంచి పొగలా ఆవిరి లేస్తుంది, చెయ్యి పెట్టలేం. మాగాక నల్లగా, పొడిపొడిగా, మట్టివాసన వేస్తుంది. తోట ఆసామి అది చెట్లకి వేసుకుని నాకు కౌలు తగ్గించారు. మిగిలింది కనకాంబరాలు, మల్లెలు వేసే రైతులు పట్టుకెళ్తారు.

అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరం గుర్రాలు పెంచుకునే ప్రాంతాలకి 'కె' అని ప్రత్యేక జోన్లు పెట్టింది. కాలిఫోర్నియాలోనే నార్కో అనే ఊళ్ళో చాలా వీధుల పక్కన ఫుట్‌పాత్‌కి బదులు గుర్రాలు నడిచే మట్టిబాటలు ఉంటాయి. మన నగరపాలక సంస్థ జీవీఎంసీ, నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ కూడా ఊరి అంచున కొంత నేల ఇలా గుర్తించాలని నా గట్టి కోరిక. ఆర్కే బీచ్‌లో రోజంతా పిల్లల్ని మోసిన గుర్రానికి రాత్రి పొడి నేల, నీడ, తొట్టినిండా నీళ్ళు దొరకాలి కదండీ! దాని మీదే కొన్ని కుటుంబాలు బతుకుతున్నాయి.

మీరు పెంచాలనే అనుకుంటే ఆనందపురం, పెందుర్తి వైపు తోట కౌలుకి చూడండి. గుర్రానికి 12 అడుగులకి 12 అడుగుల గది, తిరగడానికి విడిగా జాగా ఉండాలి. నీళ్ళు మామూలుగానే రోజుకి 30 లీటర్ల దాకా తాగుతుంది, మన ఎండల్లో ఇంకా ఎక్కువ. వానాకాలం నేల చిత్తడిగా ఉంటే గిట్టల అడుగు కుళ్ళిపోతుంది, అందుకని మెరక చూసుకోండి. కొనేముందు గ్లాండర్స్ అనే గుర్రాల జబ్బుకి పరీక్ష చేయించండి, అది మనుషులకీ అంటుతుంది. ధనుర్వాతం టీకా వేయించడం మానొద్దు.

కౌలు కాగితంలో లద్దె ఎవరిదో, కుప్ప ఎక్కడ పొయ్యాలో ముందే రాయించుకోండి.