అల్లుడూ, ముందు గాలి కొలవడం నేర్చుకో

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

"మామయ్యా, నాస్కార్‌లో క్రూ చీఫ్ అవ్వాలంటే ఏ యూనివర్సిటీ మంచిది?" అని వాట్సాప్‌లో అడిగావు. ఒక్క లైనులో జవాబు పెడదామని మూడు రోజులు చూశాను. కుదరలేదు. అందుకే ఈ ఉత్తరం.

ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ అమెరికా కార్ల రేసుల్లో ఒక బండికీ, దాని టీముకీ పెద్ద అయిన క్రూ చీఫ్‌ని నేనెప్పుడూ కాలేదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీల మధ్య పెరిగి, ఇక్కడికొచ్చి చదువుకుని, నార్త్ కరోలినా రాష్ట్రం మూర్స్‌విల్‌లో ఒక టీములో టైర్ల పనితో మొదలుపెట్టి 22 ఏళ్లు గడిపాను. నలుగురు క్రూ చీఫ్‌ల కింద పనిచేశాను. వంటవాడి సంగతి పక్కన కూర్చుని కూరలు తరిగినవాడికే బాగా తెలుస్తుంది కదా, ఆ ధైర్యంతో రాస్తున్నా.

టీవీలో నీకు కనిపించేది పిట్ (రేసు మధ్యలో బండి ఆపి టైర్లు మార్చి, పెట్రోలు పోసే చోటు) పక్కన ఎత్తులో కూర్చుని, హెడ్‌సెట్ పెట్టుకుని "లోపలికి రా" అనే మనిషి. అసలు పని మన ఆటోనగర్ మేస్త్రీ పనే. డ్రైవర్ వచ్చి "బండి ఒక పక్కకి లాగుతోంది" అంటే మేస్త్రీ ఏం చేస్తాడు? ఎప్పుడు లాగుతోంది, బ్రేకు కొట్టినప్పుడా, లోడు మీదా అని నాలుగు ప్రశ్నలు అడిగి, ఆ తర్వాతే స్పానర్ పట్టుకుంటాడు. ఇక్కడా అంతే. కాకపోతే బండి గంటకు 180 మైళ్ల మీద ఉంటుంది, ప్రశ్నలు రేడియోలో అడగాలి, జవాబు రెండు ముక్కల్లో వస్తుంది. టైట్ లేదా లూజ్. టైట్ అంటే స్టీరింగ్ తిప్పినా ముందు భాగం తిరగనంటోందని. లూజ్ అంటే వెనక భాగం జారిపోతోందని. అది మలుపు మొదట్లోనా, మధ్యలోనా, బయటకు వచ్చేటప్పుడు యాక్సిలరేటర్ తొక్కితేనా అన్నదాన్ని బట్టి మందు మారుతుంది. టైర్లో అర పౌను గాలి తగ్గించడమో, వెనక అద్దం దగ్గరి రంధ్రంలోంచి రెంచ్ పెట్టి వెడ్జ్, అంటే వెనక స్ప్రింగు బిగువు మార్చే మర, ఒక చుట్టు తిప్పడమో, అసలేమీ ముట్టుకోకుండా ఊరుకోవడమో. ఈ మూడోది చాలామందికి చేతకాదు.

షార్లెట్‌లో మే నెలాఖరున జరిగే 600 మైళ్ల రేసు చూస్తే నీకిది బాగా అర్థమవుతుంది. సాయంత్రం ఎండలో మొదలై రాత్రి లైట్ల కింద ముగుస్తుంది. ఎండకి కాలిన ట్రాక్ జారుతూ ఉంటుంది, చీకటి పడేకొద్దీ చల్లబడి పట్టు పెరుగుతుంది. ఆరు గంటలప్పుడు చక్కగా పరిగెత్తిన బండి తొమ్మిదింటికి మొండికేస్తుంది. సాధారణంగా టైట్ అవుతుంది. అందుకని మంచి క్రూ చీఫ్ మొదట్లో బండి కొంచెం లూజ్‌గా ఉన్నా ఓర్చుకోమని డ్రైవర్‌ని బతిమాలుతాడు. డ్రైవర్ తిట్టుకుంటాడు. ఆ తిట్లు అభిమానులు కూడా వింటారు, ఎందుకంటే ఇక్కడ రేడియో అందరికీ తెరిచే ఉంటుంది, స్కానర్ కొనుక్కున్న ప్రతివాడూ వింటాడు. అరిస్తే అరిచినట్టు, కంగారుపడితే కంగారుపడినట్టు లోకమంతా తెలిసిపోతుంది. నాకు తెలిసిన మంచి క్రూ చీఫ్‌లందరికీ గొంతులో టెన్షన్ కనిపించనీయని విద్య వచ్చు. కడుపులో మాత్రం యాంటాసిడ్ మాత్రలే.

ఇక చదువు సంగతి. ఇందులో ఒకే దారంటూ లేదు. డ్రైవర్ రిచర్డ్ పెటీకి ఏడు టైటిళ్లు తెచ్చిన డేల్ ఇన్‌మన్ ఆయన కజినే, ఇంటి షెడ్డులోనే పని నేర్చుకున్నాడు. 1984లో టెర్రీ లబాంటీతో ఎనిమిదోది కూడా గెలిచాడు. జెఫ్ గార్డన్‌తో 1995, 97, 98లో గెలిచిన రే ఎవర్నమ్ అంతకుముందు తనే రేసులు నడిపినవాడు. డేనియల్ నోస్ట్ వర్జీనియా టెక్‌లో పీహెచ్‌డీ చేసి వచ్చాడు. ఇప్పుడు గాలి ఇంజినీర్ల వైపే వీస్తోంది. చాలా వారాల్లో ప్రాక్టీసు అరగంట కూడా దొరకదు కాబట్టి బండిని ముందే సిమ్యులేటర్‌లో నడిపి చూసి తీసుకెళ్తారు. పక్క టీము డ్రైవర్ ఎక్కడ బ్రేకు తొక్కాడో, ఎంత స్టీరింగ్ తిప్పాడో కూడా తెర మీద కనిపిస్తుంది. దాన్ని చదవగలిగినవాడికి విలువుంది. నువ్వు మెకానికల్ కాబట్టి ఎం.ఎస్.కి యూఎన్‌సీ షార్లెట్ పేరు చూడు. చదువు కంటే ఊరు ముఖ్యం, టీముల షెడ్లు చాలావరకు ఆ చుట్టుపక్కలే ఉన్నాయి. విద్యార్థులే రేసు కారు కట్టే ఫార్ములా ఎస్ఏఈ పోటీకి అక్కడున్న టీములో చేరు. మీ కాలేజీ పిల్లలు కట్టిన బాహా పోటీ బండితో పీతంపూర్ దాకా వెళ్లొచ్చానని గొప్పగా చెప్పావు, అది రెజ్యూమెలో రాయి. కానీ ఆ బండిలో ఏది విరిగింది, ఎందుకు విరిగింది, మళ్లీ ఎలా కట్టావు అన్నది నోటితో చెప్పగలగాలి. అడిగేది అదే.

వీసా గురించి మీ అమ్మ అడగమంది. చదువయ్యాక స్టెమ్ ఓపీటీ అనే పని అనుమతితో కలిపి మూడేళ్లు పని చేయొచ్చు, ఆ తర్వాత హెచ్-1బీ వీసా లాటరీ. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లాగా కాగితాలు నడిపే అలవాటు ప్రతి టీముకూ ఉంటుందనుకోకు. మొహమాటం లేకుండా మొదటి నెలలోనే అడుగు.

చేరగానే క్రూ చీఫ్ కల ఎవరికీ చెప్పకు, నవ్వుతారు. టైర్లో, షాక్ అబ్జార్బర్లో, ఇంధనం లెక్కో, ఏదో ఒక్కటి నీ పేరు చెప్తే గుర్తొచ్చేంతగా నేర్చుకో. క్లిఫ్ డేనియల్స్ కూడా ముందు జిమ్మీ జాన్సన్ బండికి రేస్ ఇంజినీరే. తర్వాత క్రూ చీఫ్‌గా 2021లో కైల్ లార్సన్‌తో టైటిల్ గెలిచాడు. ఫీనిక్స్‌లో జరిగిన ఆ ఆఖరి రేసు యూట్యూబ్‌లో చూడు. చివరి పిట్ స్టాప్‌లోకి నాలుగో స్థానంలో వెళ్లిన బండి మొదటి స్థానంలో బయటకొచ్చింది. పిట్ గోడ దూకి బండి మీద పడింది ఐదుగురు. జాకీ ఎత్తేవాడొకడు, టైరు మోసేవాడొకడు, గన్‌తో బోల్టులు ఊడదీసేవాళ్లిద్దరు, పెట్రోలు పోసేవాడొకడు. అప్పట్లో చక్రానికి ఐదు నట్లు, 2022లో కొత్త బండి వచ్చాక ఒక్కటే. ఆ పన్నెండు సెకన్ల లోపు పనికి వాళ్లు ఏడాది పొడుగునా పొద్దున్నే జిమ్ చేస్తారు.

రూల్ పుస్తకం కూడా చదవాలి, బైబిల్ చదివినట్టు. పాతకాలంలో స్మోకీ యూనిక్ అనే మహానుభావుడు పెట్రోలు ట్యాంకు సైజుకి రూలుంది గానీ గొట్టానికి లేదు కదా అని లావుపాటి గొట్టాన్ని చుట్టలు చుట్టి పెట్టి, అందులోనే గ్యాలన్ల కొద్దీ దాచాడని కథలుగా చెప్పుకుంటారు. నాకు ఆయనంటే ముచ్చటే. ఈ రోజుల్లో చేస్తే ఇంటికి పంపుతారు. 2006లో సీజన్ మొదటి రేసు డేటోనా 500కి ముందు, జాన్సన్ క్రూ చీఫ్ చాడ్ కనౌస్‌ని వెనక అద్దం మార్పుల మీద అలాగే పంపేశారు. ఆయన లేకుండానే డేరియన్ గ్రబ్ కుర్చీలో కూర్చుని జాన్సన్‌ని గెలిపించాడు. తను లేకపోయినా నడిచేలా కనౌస్ టీమును తయారుచేసి పెట్టాడన్న మాట. కనౌస్ ఆ తర్వాత వరుసగా ఐదేళ్లు టైటిల్ గెలవడం నాకు ఆశ్చర్యం అనిపించలేదు.

నా సంగతొకటి చెప్తాను, మీ అమ్మకి కూడా ఇప్పటిదాకా చెప్పలేదు. చేరిన నాలుగో ఏడు. టైర్ల గాలి సరిచేసే బాధ్యత నాది. ఒక సెట్టు మీద గుడ్డ కప్పడం మర్చిపోయాను, కుడివైపు టైర్లు ఎండలో కూర్చున్నాయి. వేడెక్కిన టైర్లో గాలి ఎక్కువ చూపిస్తుంది. పది సెల్సియస్ డిగ్రీల తేడాకి ఒకటిన్నర, రెండు పౌన్లు. నేను మీటరు చూసి తగ్గించేశాను. నీడపట్టున అవి చల్లబడ్డాయి. ఆ టైర్లు ఎక్కగానే డ్రైవర్ "బండి తిరగడం లేదు" అని అరవడం మొదలుపెట్టాడు. క్రూ చీఫ్ తన లెక్కే తప్పిందనుకుని వెడ్జ్ మార్చాడు, తర్వాత మంచి టైర్లు ఎక్కాయి, ఇప్పుడు వెనక భాగం జారింది. అప్పటికి నాకు తెలిసిపోయింది. చేతులు వణుకుతుంటే వెళ్లి చెప్పాను. ఆయన నా వైపు ఒక్క క్షణం చూసి, రేడియో నొక్కి, "గాలి నేనే తప్పు పెట్టించాను, వచ్చే స్టాప్‌లో వెనక్కి తిప్పేస్తాం" అన్నాడు. అంతే. నా పేరు ఎత్తలేదు. సోమవారం షెడ్డులో తలుపేసి నన్ను తిట్టిన తిట్లు వేరే సంగతి.

నేను క్రూ చీఫ్‌ని ఎందుకు కాలేదో ఆ రోజే తెలిసింది. నా తప్పు ఒప్పుకోవడానికే నాకు పదిహేను ల్యాపులు పట్టింది. ఇంకొకడి తప్పు నాదని అప్పటికప్పుడు అనడం నావల్ల అయ్యేది కాదు.

ఇంటి సంగతి కూడా తెలుసుకో. పాయింట్ల రేసులే 36, ఫిబ్రవరి నుంచి నవంబరు దాకా. దసరా, దీపావళి సరిగ్గా టైటిల్ పోరు వేడిలో వస్తాయి. సంక్రాంతికి డేటోనా బండి సిద్ధం చేస్తూ షెడ్డులో ఉంటావు. మీ అత్త ఇరవై ఏళ్లు దీపాలు ఒక్కతే పెట్టుకుంది.

ఇన్ని చెప్పాక కూడా రావాలనే ఉంటే, ఒక పని చేసి చూపించు. మీ బాహా బండి నాలుగు టైర్లలో గాలి రేపు పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి తొమ్మిదింటికి కొలువు. ఎండలో ఉందా, నీడలో ఉందా, టైరు వేడి ఎంత అన్నీ రాయి. వారం రోజుల లెక్క పంపు. ఒక పూట మర్చిపోతే ఆ గడి ఖాళీగా వదిలెయ్, ఊహించి నింపకు.

మీ మామయ్య